ముందు మీరు కూర్చోండి

మా ఆఫీసు లిఫ్టులతో నాకొక చిన్న పేచీ ఉంది. లోపల బొత్తాలుండవు. ఎక్కకముందే బయట గోడకున్న తెర మీద పదకొండు అని నొక్కాలి. అది కాస్త ఆలోచించి ‘సి’ అంటుంది. మనం వెళ్ళి బుద్ధిగా సి ముందు నిలబడాలి. ఒకసారి ఎక్కాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు. దారిలో ఐదో అంతస్తు క్యాంటీన్ నుంచి ఉప్మా పోపు వాసన వచ్చినా సరే, పదకొండుకే పోవాలి. నానక్‌రామ్‌గూడలో ఇంతింత అద్దాల మేడలు కట్టినవాళ్ళు మనిషి మనసుకి ఒక్క బొత్తాం కేటాయించలేకపోయారు. దీని గురించి రెండుసార్లు ఫిర్యాదు రాశాను. రెండుసార్లూ నా సూచన ఎంతో విలువైనదని జవాబొచ్చింది.

మెట్లున్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి. ఆ ఆఫీసులో చేరిన ఆరేళ్ళలో నేను వాటిని సరిగ్గా ఒక్కరోజు వాడాను. ఆ రోజు గురించి చెప్పాలంటే ముందు మా మామగారి గురించి చెప్పాలి.

మా మామగారు జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. సొంతూరు గోదావరి జిల్లా. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చి అన్నేళ్ళయినా, మర్యాదల విషయంలో మాత్రం ఆయనింకా గోదావరి దాటి రాలేదు. ఇంటికి అల్లుడొస్తే ఆయన కూర్చోరు. ముందు అల్లుడు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, ఫ్యాను గాలి తగులుతోందని ఒప్పుకోవాలి. అప్పుడాయన సోఫా అంచున, లేవడానికి వీలుగా ఉండేంత మేర కూర్చుంటారు. నా పెంపకమూ తక్కువదేం కాదు. పెద్దవాళ్ళు నిలబడి ఉంటే కూర్చోకూడదని మా ఇంట్లో నేర్పారు. అంచేత పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఆ ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ మేమిద్దరం హాలు మధ్యలో ఎదురెదురుగా నిలబడి, “ముందు మీరు కూర్చోండి”, “అబ్బెబ్బే, ముందు మీరు” అనుకుంటూ ఉంటాం. చివరికి మా ఆవిడ వచ్చి, “ఎవరో ఒకరు కూర్చోండి, టీవీ కనపడట్లేదు” అంటుంది. అప్పుడు ఇద్దరం ఒకేసారి, కవాతు చేసినట్టు కూర్చుంటాం.

మా అత్తగారు ఇంకో మెట్టు పైన. ఈ పదకొండేళ్ళలో ఆవిడ నాతో మూడే మూడు మాటలు మాట్లాడారు. “వడ్డించమంటారా?”, “ఇంకొంచెం వేయించుకోండి”, “ఏమీ తినలేదు.” వరస కూడా అదే.

ఒక ఆదివారం ఆ ఇంట్లో భోంచేస్తూ నేను అనవసరంగా నోరు జారాను. ఆఫీసులో అందరూ ట్రెక్కింగ్ పిచ్చిలో ఉన్న రోజులవి. హిమాలయాలకు వెళ్ళిరాని వాళ్ళంటూ మా అంతస్తులో మిగిలింది నేనూ, కాఫీ మిషనూ. ఆ కడుపుమంటతో, “వచ్చే నెల హిమాలయాల్లో ఒక లోయకి ట్రెక్కింగ్ వెళ్దామనుకుంటున్నాను” అన్నాను. అనుకోవడానికీ వెళ్ళడానికీ మధ్య చాలా దూరం ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసనే ధీమాతో అన్న మాట అది.

మామగారు పెరుగన్నం కలపడం ఆపారు.

“అక్కడ మంచుంటుందాండీ?”

“లోయ చివర ఉంటుందండీ.”

“తాకనిస్తారాండీ?”

ఆయనకు తెలిసిన మంచంతా ఎవరో తయారు చేసిందే. ఫ్రిజ్జులో ట్రేలోది, చెరుకురసం బండి మీద గోనెపట్టాలో చుట్టింది. “తనంతట తాను పడ్డ మంచుని ఒక్కసారి గుప్పిట్లోకి తీసుకోవాలని ఉందండీ. ఎండాకాలం బాయిలరు దగ్గర నిలబడి రోజూ అదే అనుకునేవాణ్ణి” అన్నారు. అనేశాక, ఏదో అప్రతిష్ట పని చేసినట్టు తలొంచుకుని అన్నం కలుపుకున్నారు. పదకొండేళ్ళలో ఆయన తనకిది కావాలని నా ముందు అనడం అదే మొదటిసారి.

మా ఆవిడ నావైపు చూసింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. లోపల బొత్తాల్లేవు.

“తాకొచ్చండీ. నేను తీసుకెళ్తాను” అన్నాను.

మామగారికి ఎడమ మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. డాక్టరు చూసి, మోకాలికి పట్టీ వేసుకుని నిక్షేపంగా వెళ్ళిరమ్మన్నాడు. నన్ను చూడమని అతన్ని ఎవరూ అడగలేదు. నేనే రోజూ కాస్త మెట్లెక్కి ఒళ్ళు అలవాటు చేసుకుందామనుకున్నాను. మర్నాడు పొద్దున భుజాన ల్యాప్‌టాప్ బ్యాగుతో ఆఫీసు మెట్లు మొదలుపెట్టాను. నాలుగో అంతస్తు దగ్గర గోడకి చేరగిలబడి ఉండగా సెక్యూరిటీ ఆయన చూశాడు.

“ఏంది సార్, లిఫ్టు బంద్ అయిందా?”

“లేదు. ప్రాక్టీసు.”

“ఏం ప్రాక్టీసు సార్?”

“హిమాలయాలెక్కడానికి.”

ఆయన నా మొహం చూశాడు. గోడ మీద నాలుగు అని రాసి ఉన్న అంకె చూశాడు. లోపలికి వెళ్ళి తన కుర్చీ తెచ్చి వేశాడు.

“జర కూసోండ్రి సార్. నీళ్ళు తాగుండ్రి. పరేషాన్ గాకుండ్రి, ఇంక ఏడంతస్తులే ఉన్నయి.” నేను కూర్చున్నాక కాసేపాగి, “గాడికి పోయేటప్పుడు కుర్సీ గూడ తీస్కపోండ్రి” అన్నాడు.

నేను ‘ముందు మీరు కూర్చోండి’ అని అనలేదు. మర్యాదకి కూడా ఊపిరి ఉండాలి. మిగతా ఏడంతస్తులు లిఫ్టులో పూర్తిచేశాను.

అంతలో ట్రెక్కింగ్ తీసుకెళ్ళేవాళ్ళ నుంచి కబురొచ్చింది. ఒక్కొక్కరూ ఐదు కిలోమీటర్లు గంటలోపు నడిచినట్టు ఫోనులో నమోదైన రుజువు పంపాలట. మామగారు రోజూ పొద్దున కాలనీ పార్కులో అంతకన్నా ఎక్కువే నడుస్తారు. ఆయన ఫోనులో ఆ యాప్ నేనే పెట్టాను. పెడుతూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. ఒకరు చేసిన పని మళ్ళీ ఇంకొకరు మొదట్నుంచీ చెయ్యడం దండగని మా వృత్తిలో మొదటి వారమే నేర్పుతారు.

“మామయ్యగారూ, రేపు మీతో పాటు నా ఫోను కూడా కాస్త తీసుకెళ్తారా?”

“తప్పకుండా అండీ” అన్నారాయన. ఎందుకని అడగలేదు. మర్నాడు ఒక జేబులో తన ఫోను, ఇంకో జేబులో చెమట తగలకుండా ఉతికిన చేతిరుమాల్లో చుట్టిన నా ఫోను పెట్టుకుని నడిచొచ్చారు. ఇద్దరం యాభై మూడు నిమిషాల్లో పూర్తిచేశాం. నేనైతే నిద్రలో పూర్తిచేశాను. రుజువులు చూసి, మీరిద్దరూ చక్కగా అడుగులో అడుగేసి నడుస్తున్నారని వాళ్ళు మెచ్చుకుంటూ జవాబిచ్చారు.

అలా ఒక మే నెలలో, విమానం, బస్సు, జీపు మారి, రోడ్డు ఆఖరయ్యే ఊరికి చేరాం. మాకు దారి చూపించే మనిషికి యాభై దాటుంటాయి. ఆ లోయలోనే పుట్టినవాడు. రోజుకి పది మాటలకు మించి మాట్లాడడు. మొదటి రోజు అందులో తొమ్మిది బయల్దేరకముందే చెప్పేశాడు, హిందీలో. “రెండు రోజులు నడక. మూడో రోజు పొద్దున మంచు దగ్గరికి వెళ్ళి రావడం. నేనొక్కణ్ణి, మీరిద్దరు. ఎవర్నీ ఒంటరిగా వదలను. ఒకరు వెనక్కంటే ముగ్గురం వెనక్కి.”

మామగారు నాకు చెవిలో చెప్పారు. “మా షిఫ్టు ఇన్‌చార్జి కూడా ఇలాగే ఉండేవాడండీ. చాలా నమ్మకస్తుడు.”

లోయ చాలా నిశ్శబ్దంగా ఉంది. నేనిలా అనడం తేలికే కానీ, సైబరాబాద్‌లో కాపురముండేవాడికి నిశ్శబ్దమంటే కరెంటు పోయిందని అర్థం. మొదటి గంటంతా ఏదో ఆగిపోయిందనీ, ఎవరో వచ్చి బాగుచేస్తారనీ ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఒక పక్క దేవదారు చెట్లు, ఇంకో పక్క కింద ఏరు, పైన ఎంత చూసినా అయిపోని కొండలు. ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మామగారు ఆగి ఏటి చప్పుడు విన్నారు. “బాయిలరు స్టీము వదిలినట్టే ఉందండీ. కానీ భయం లేదు” అన్నారు. ముప్ఫై ఏళ్ళు ప్రెజర్ మీటరు చూసిన మనిషి ఒక నదికి ఇవ్వగలిగిన అత్యున్నత ప్రశంస అదేననుకుంటాను.

ఇబ్బంది దారి సన్నబడ్డాక మొదలైంది. ఒకరి వెనక ఒకరు నడవాలి. అల్లుడికి వీపు చూపించి ముందు నడవడం ఆయన వల్ల కాదు. పెద్దాయన్ని వెనక వదిలి నేను ముందుపోవడం బాగుండదు. అరకిలోమీటరు దూరం ఇద్దరం ఎండ్రకాయల్లా పక్కపక్కనే అడ్డంగా నడిచాం. చివరికి గైడు వెనక్కొచ్చి, నా భుజాలు పట్టుకుని ముందు నిలబెట్టి, ఆయన్ని వెనక పెట్టాడు. ఆ క్షణం నుంచీ పార్కులో రోజూ పదిమందిని దాటిపోయే మనిషి నా వేగంతో నడవాల్సొచ్చింది.

ఆగి కూర్చోవడం ఇంకో సమస్య. గైడు ఒక బండ చూపించి విశ్రాంతి తీసుకోమన్నాడు.

“కూర్చోండి మామయ్యగారూ.”

“ముందు మీరు కూర్చోండి అల్లుడుగారూ.”

“మీరు పెద్దవారు.”

“మీరు అలసిపోయారు.”

“నేనా? అబ్బే.”

ఆ ‘అబ్బే’ అన్నాక ఇక కూర్చోవడానికి నాకు దారి లేకుండా పోయింది. ఇద్దరం బండకి చెరోవైపు నిలబడే విశ్రాంతి తీసుకున్నాం. గైడు బండ మీద కూర్చుని, బీడీ ముట్టించి, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. “మీ ఇద్దరికీ ఏమైనా గొడవా?” అని అడిగాడు. ఆ రోజుకి అది పదో మాట.

ఆయాసం బయటపడకుండా నేనొక ఉపాయం కనిపెట్టాను. ఊపిరి అందనప్పుడల్లా ఆగి, కర్రతో దూరంగా చూపించి, “ఆ శిఖరం చూశారా మామయ్యగారూ?” అనేవాణ్ణి. ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తృప్తిగా చూసి, “అద్భుతమండీ” అనేవారు. ఆ రెండు రోజుల్లో ఆయనకి నేను శిఖరాలు ఎన్నో చూపించాను. ఆ లోయలో కనిపించే శిఖరం ఒక్కటే. ఆయన ప్రతిసారీ దాన్ని మొదటిసారి చూస్తున్నట్టే చూశారు.

ఇంకో విశేషం, రోజురోజుకీ నా బ్యాగు తేలికవుతూ వచ్చింది. ఒళ్ళు కొండలకి అలవాటు పడుతోందని ముచ్చటపడ్డాను. రెండో రోజు సాయంత్రం గుడారంలో అత్తగారిచ్చిన కందిపొడి కోసం మామగారి బ్యాగు తెరిస్తే, కందిపొడి పైన నా ఉన్ని చొక్కా, నా నీళ్ళ సీసా, నా రెండో జత బూట్లు కనిపించాయి. ఆయన ఇబ్బందిపడ్డారు. “మీ బ్యాగు జిప్పు కొంచెం బిగుతుగా ఉందండీ, పాడవుతుందేమోనని” అన్నారు. జిప్పు సంగతి ఆలోచించినందుకు థాంక్సు చెప్పాను. తీసి నా బ్యాగులో మళ్ళీ పెట్టుకోవాల్సింది. చలిగా ఉందని రేపు పెట్టుకుందామనుకున్నాను.

మూడో రోజు తెల్లవారగానే బయల్దేరాం. రెండు గంటలు నడిచాక ఒక మలుపు తిరిగితే లోయ చివర కనిపించింది. రెండు కొండల సందులోంచి కిందికి జారి, ఏటి మొదలు దగ్గర ఆగిన మంచు. ఎవరో దుప్పటి ఆరేసి మరిచిపోయినట్టుంది.

“ఎంత దూరమండీ?” అని మామగారు తెలుగులోనే అడిగారు. గైడుకి అర్థమైంది. “గంట. ఎక్కువైతే గంటన్నర.”

మామగారు చేతి తొడుగులు అప్పుడే విప్పి జేబులో పెట్టుకున్నారు.

నాకు ఆ గంటన్నర కనిపించింది. అందులో సగం నిటారుగా ఉంది. అప్పటికే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, కాళ్ళు వేరే ఎవరివోలా ఉన్నాయి. శిఖరం చూపించి ఆగుదామంటే, ఆ మలుపులో అది కూడా కొండ వెనక్కి వెళ్ళిపోయింది. ‘నా వల్ల కాదు’ అనేవి చిన్న మాటలు. హిందీలోనూ చిన్నవే. నేను అవి అనలేదు. ఇలా అన్నాను.

“మామయ్యగారూ, మీ మోకాలు ఎలా ఉందండీ?”

“ఆఁ, బాగానే...” అంటూ ఆయన నావైపు తిరిగారు. నా మొహం చూశారు. నా మొహంలో ఏముందో నేను చూడలేదు కాబట్టి చెప్పలేను. ఆయన మంచువైపు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత జేబులోంచి తొడుగులు తీసి, ఒక్కొక్క వేలే సర్దుకుంటూ మళ్ళీ వేసుకున్నారు.

“కాస్త పట్టేసిందండీ” అన్నారు. కుడి మోకాలి మీద చెయ్యేసి, ఒక అడుగు కుంటి చూపించారు. “ఇక లాభం లేదు. మీకు శ్రమ ఇస్తున్నాను. వెనక్కి వెళ్దామా అల్లుడుగారూ?”

“అయ్యో, మంచు...”

“చూశాం కదండీ. ఇక్కణ్ణుంచి చక్కగా కనపడుతోంది. చాలు.”

గైడు ఆయన మోకాలు చూశాడు, నన్ను చూశాడు, వెనక్కి తిరిగాడు. నేను దారి పక్కనున్న ఒక బండ మీద కూర్చున్నాను. ఆ మూడు రోజుల్లో ఆయనకన్నా ముందు కూర్చోవడం అదొక్కసారే. ఆయన నా పక్కన నిలబడి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చారు. సీసా నాదే.

దిగేటప్పుడు గైడు నా పక్కన నడుస్తూ ఆయన్ని ముందు నడవమన్నాడు. ఆయన కుంటుతూనే నాకన్నా బాగా ముందు వెళ్ళిపోయారు. ఒకచోట పైనుంచి చూస్తే, వాగులో రాళ్ళ మీద ఒకదాని నుంచి ఇంకోదాని మీదికి గెంతి దాటేశారు. అవతలి గట్టెక్కాక వెనక్కి తిరిగి, నేను చూస్తున్నానని గమనించి, మళ్ళీ మోకాలు పట్టుకున్నారు. అప్పటికైనా నాకు అనుమానం రాలేదని రాసుకుంటే బాగుంటుంది. రాకుండా జాగ్రత్తపడ్డానని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

హైదరాబాద్‌లో దిగేసరికి మాత్రం కథ నాకు పూర్తిగా నప్పింది. ఆఫీసులో చెప్పాను. “మంచు అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. కానీ మామగారి మోకాలు. పెద్దాయన్ని ఇబ్బంది పెట్టి నేను చూసేదేముంది?” అందరూ మెచ్చుకున్నారు. ఇలాంటి అల్లుళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారని మా టీమ్ లీడ్ అంది. నాలుగో అంతస్తు సెక్యూరిటీ ఆయన ఒక్కడే, “మీరు మంచిగున్నరు గద సార్?” అని అడిగి, నా జవాబు వినకుండానే తలాడించాడు.

ఆ ఆదివారం కూకట్‌పల్లిలో మా ఇద్దరికీ ఘనంగా భోజనాలు. గుత్తివంకాయ, పెసర పునుగులు, నాకు వేరుగా ఒక గిన్నెడు నెయ్యి. తిన్నాక మా ఆవిడ అడిగింది.

“ఇంతకీ మంచు పట్టుకున్నావా నాన్నా?”

“చూశానే. దగ్గర్నుంచే చూశాను. తెల్లగా ఎంత బాగుందో” అన్నారు మామగారు. ఆయన ఖాళీ గుప్పిట ఒకసారి మూసి తెరిచారు.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నా చేతిలో ఒక మంచి కథ ఉంది, ఎదురుగా వినేవాళ్ళున్నారు. లేచి హాలు మధ్యలో నిలబడ్డాను. నేను లేవగానే మామగారూ లేచారు.

“అసలేం జరిగిందంటే, ఇంకో గంటలో మంచు చేతికొస్తుంది. నేను పోదాం పోదాం అంటున్నాను. ఉన్నట్టుండి మామయ్యగారికి మోకాలు పట్టేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. పాపం, ఇలా నడిచారు.” కుడి మోకాలి మీద చెయ్యేసుకుని, హాల్లో ఈ చివర నుంచి ఆ చివరికి కుంటి చూపించాను. నటన బాగానే కుదిరింది. మా ఆవిడ నవ్వబోయి, నా కాలు చూసి, ఆగిపోయింది.

“వదిలెయ్యండి అల్లుడుగారూ, ఇప్పుడదంతా ఎందుకు, ముందు మీరు కూర్చోండి” అన్నారు మామగారు కంగారుగా.

“లేదండీ, ముందు మీరు కూర్చోండి, అసలే మోకాలు” అన్నాను.

వంటగది గుమ్మంలో అత్తగారు మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి ఉన్నారో తెలీదు. నా కుడి మోకాలిని, దాని మీదున్న నా చేతిని చూస్తున్నారు. తర్వాత భర్తవైపు చూశారు. ఆయన సోఫా వెనక్కి చూపు తిప్పుకున్నారు. ఆవిడ వచ్చి గ్లాసు నా చేతిలో పెట్టారు. వడ్డించమంటారా అనలేదు. ఇంకొంచెం అనలేదు.

“ఆయనకి నొప్పి ఎడమ మోకాలండీ. కుడిది ఏనాడూ పట్టెయ్యలేదు. నడవలేకపోయింది మీరు, మంచు పోయింది ఆయనకి.”